‘ముందు కల్లు మానేసి రా’ అంటే ఎలా?

కల్లు అలవాటూ, మానసిక జబ్బూ రెండూ ఉన్న మనిషి వైద్యానికి వస్తే చాలాసార్లు వినేది ఈ మాటే. పాలమూరు, నల్గొండ పల్లెల్లో సీసాలో వచ్చే కల్లంతా చెట్టు నుంచి దిగింది కాదని తాగేవాళ్లకూ తెలుసు. అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిసిన కల్లు ఇక్కడ పాత కథే. 2015లో ఎక్సైజ్ దాడులు పెరిగి ఆ మందులకు కొరత వచ్చినప్పుడు జనం వణుకుతో, ఫిట్స్‌తో ఆసుపత్రులకు వచ్చారు. కొందరికి ఎవరో పిలుస్తున్నట్టు వినిపించేది. చాలామందిని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది.

అలాంటి మనిషిని రాత్రి డ్యూటీలో మొదట చూసేది స్టాఫ్ నర్సు. గోడ మీద ఎవరో ఉన్నారని అతను అరుస్తుంటాడు. మత్తు ఆగడం వల్ల వచ్చిందా, ఏళ్లుగా ఉన్న స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బా, లేక రెండూనా? మత్తు ఆగడమే కారణమైతే డైజిపామ్ లాంటి మందు ఇచ్చి మెల్లగా తగ్గించాలి. అది పట్టించుకోకుండా మానసిక జబ్బుకు వాడే క్లోర్‌ప్రొమజైన్ ఒక్కటే ఇస్తే ఫిట్స్ ముప్పు పెరుగుతుంది. స్కిజోఫ్రీనియా కూడా ఉంటే వణుకు తగ్గగానే ఇంటికి పంపడం తప్పు. ‘చివరిసారి ఎప్పుడు తాగిండు, రోజుకు ఎన్ని సీసాలు?’ నర్సులకిచ్చే శిక్షణ ఈ ప్రశ్నతోనే మొదలు కావాలి.

బీడీ సంగతి కూడా అడగాలి. బీడీ పొగ వల్ల స్కిజోఫ్రీనియాకు వాడే ఒలాంజపైన్, క్లోజపైన్ ఒంట్లో తొందరగా ఖర్చయిపోతాయి. వార్డులో బీడీ ఆగితే అదే మోతాదు ఎక్కువైపోతుంది. ఇంట్లోవాళ్లు అన్నంలో గుట్టుగా కలిపే, తాగుడు మాన్పించే మందు డైసల్ఫిరామ్ మరీ ప్రమాదం. దాని మీద తాగితే ప్రాణం మీదికి రావచ్చు, సైకోసిస్ (లేనివి కనిపించడం, వినిపించడం) కూడా ముదరవచ్చు. భార్యను తిడితే లాభం లేదు, ఆమెకు ఇంకో దారి ఎవరూ చూపలేదు.

డీ-అడిక్షన్ కేంద్రాలు ఎక్కువగా సామాజిక న్యాయ శాఖ కింద, మానసిక ఆరోగ్యం ఆరోగ్య శాఖ కింద నడుస్తాయి. మధ్యలో నలిగేది రోగి. ‘కల్లు మాని రా’ అని ఒకరు, ‘మెంటల్ కేసు, మా దగ్గర కాదు’ అని ఇంకొకరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక వ్యాధిలోనే చేర్చింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2011లోనే ఒక సమస్య ఉందని రెండోదానికి వైద్యం నిరాకరించొద్దని చెప్పింది.

అలాగని అద్భుతాలు ఆశించలేం. అదే బ్రిటన్‌లో రెండు సమస్యలూ ఉన్న 327 మందితో జరిగిన మిడాస్ అధ్యయనంలో ప్రత్యేక కౌన్సెలింగ్‌తో మత్తు వాడకం కొంత తగ్గింది కానీ, ఆసుపత్రి పాలవడం తగ్గలేదు. కాబట్టి హోటల్‌లో రెండు రోజుల వర్క్‌షాప్, ఒక సర్టిఫికెట్, భోజనం... వీటితో పనవుతుందని నేననుకోను. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్గొండలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. అక్కడి సైకియాట్రీ డాక్టర్లు వారానికోసారి పీహెచ్‌సీ నర్సులతో కేసులు మాట్లాడాలి, ఫోన్‌లోనైనా సరే.

ఎక్సైజ్ వాళ్లు అల్ప్రాజోలం పట్టుకున్న రోజే జిల్లా ఆసుపత్రికి ఒక ఫోన్ చేయాలి. ఒకటి రెండు రోజుల్లో ఎవరెవరు రాబోతున్నారో ఆ నర్సుకు ముందే తెలియాలి కదా.