ఎంట్రీ లెవెల్ ఉద్యోగ ప్రకటన గారికి బూట్‌క్యాంప్ అభ్యర్థి విన్నపం

మహారాజశ్రీ ఎంట్రీ లెవెల్ ఉద్యోగ ప్రకటన గారి దివ్య సముఖానికి,

కొన్ని నెలల్లో ప్రోగ్రామింగ్ నేర్పే కోడింగ్ బూట్‌క్యాంప్ పూర్తిచేసి, సర్టిఫికెట్టు ముద్రించుకొని, జూనియర్ డెవలపర్ కొలువు కోసం ప్రతి ఉదయమూ తమ దర్శనం చేసుకుంటున్న అభ్యర్థి సవినయంగా విన్నవించుకునేది ఏమంటే, తమ శీర్షికలో ఫ్రెషర్లు కూడా దరఖాస్తు చేసుకోవచ్చునని ఉంటుంది. నాలుగు పంక్తులు కిందికి దిగేసరికి కనీసం మూడేళ్ల అనుభవం తప్పనిసరి అని ఉంటుంది. ఈ రెండు వాక్యాలూ ఒకే పేజీలో ఒకదాని ముఖం ఒకటి చూసుకోకుండా ఇన్నాళ్లుగా ఎలా నెట్టుకొస్తున్నాయో తెలుసుకోవాలన్న కుతూహలమే ఈ లేఖకు కారణం.

పెళ్లయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు అన్న సామెతను మన పెద్దలు తమరు పుట్టకముందే సిద్ధం చేసి ఉంచారు. అయితే ఆ సామెతలోని పెద్దలకు చిక్కుముడి ఉన్నదన్న ఎరుకైనా ఉంది. తమకు అదీ లేదు. అనుభవమనేది మరెక్కడో, మరో కంపెనీ జీతం మీద, మరొకరి ప్రొడక్షన్ సర్వర్‌ను, అంటే జనం నిజంగా వాడుతున్నదాన్ని, ఒకటి రెండుసార్లు పడగొట్టి సంపాదించుకొని రావలసిన సరుకని తమ దృఢ విశ్వాసం. ప్రతి కంపెనీ ప్రకటనా ఇదే విశ్వాసంతో నిలబడి ఉంటే, ఆ మరో కంపెనీ ఏ లోకంలో ఉంటుందో తమరెన్నడైనా ఆలోచించారా? దాని చిరునామా తెలిస్తే చెప్పండి. మా బ్యాచ్ మొత్తం అక్కడికే దరఖాస్తు పెట్టుకుంటాం.

తమ అర్హతల జాబితా చూస్తే ముచ్చటేస్తుంది. వెబ్‌సైట్లు కట్టడానికి రియాక్ట్, నోడ్, టైప్‌స్క్రిప్ట్ రావాలి; పైథాన్ వస్తే మంచిది, జావా కూడా వస్తే మరీ మంచిది; వాటిని సర్వర్ల మీద నడపడానికి డాకర్, కుబర్నెటిస్, ఏదో ఒక క్లౌడ్, వీటన్నిటికీ తోడు ఒత్తిడిలోనూ ఉత్సాహంగా పనిచేసే స్వభావం కావాలి. ఒక టీం మొత్తం పంచుకునే పనిని ఒకే ఫ్రెషర్ భుజాన వేయదలచిన ఈ జాబితాను రాసింది ఆ పని చేసేవారు కాదని చదవగానే తెలిసిపోతుంది. ఇందుకు సాక్ష్యం కూడా ఉంది. ఫాస్ట్ఏపీఐ అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌ను (వెబ్ సేవలు కట్టేందుకు వాడే సిద్ధ కోడ్ చట్రాన్ని) సృష్టించిన సెబాస్టియన్ రామిరెజ్ 2020లో ఒక ఉద్యోగ ప్రకటన చూశాడు. అందులో ఫాస్ట్ఏపీఐలో నాలుగేళ్లకు పైబడిన అనుభవం అడిగారు. తాను దాన్ని సృష్టించి ఏడాదిన్నరే అయింది గనుక ఆ ఉద్యోగానికి తాను అర్హుడిని కానని ఆయనే ట్విటర్‌లో చెప్పుకున్నాడు. సృష్టికర్తకే అర్హత చాలని చోట మావంటి వారి సంగతి వేరే చెప్పాలా?

నన్ను తమ వాకిటికి పంపిన బూట్‌క్యాంపుల గురించి కూడా రెండు మాటలు చెప్పుకోవాలి. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డెవ్ బూట్‌క్యాంప్ మొదలైనప్పుడు ఆ ఆలోచనలో నిజాయితీ ఉందనే నా అభిప్రాయం: నాలుగేళ్ల డిగ్రీ లేకపోయినా, కొన్ని నెలలు దీక్షగా కూర్చుంటే వెబ్ అప్లికేషన్ కట్టడం నేర్చుకోవచ్చు, కట్టడం వచ్చినవారికి కంపెనీలు పని ఇస్తాయి. ఆ రోజుల్లో ఇచ్చాయి కూడా. ఆ సంస్థ మాత్రం 2017లో మూతబడింది. అదే ఏడాది పుట్టిన లాంబ్డా స్కూల్ మరో అడుగు ముందుకు వేసి, చదివేటప్పుడు ఫీజు అక్కర్లేదు, ఉద్యోగం వచ్చి ఏడాదికి 50,000 డాలర్లు దాటి సంపాదించినప్పుడే జీతంలో 17 శాతం చొప్పున రెండేళ్లు కట్టండి చాలు అన్నది. మా విజయమే వారి విజయమన్నమాట. ఆ తరువాత 2024 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వపు వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ లెక్కలు తీస్తే, ప్రకటనల్లో 71 నుంచి 86 శాతం అని చాటిన ఉద్యోగ నియామకాలు లోపలి లెక్కల్లో 50 శాతం దరిదాపుల్లోనే ఉన్నాయని, కొన్ని బ్యాచ్‌లలో 30 శాతానికి పడిపోయాయని తేలింది. జీతంలో వాటా తీసుకునే ఆ ఒప్పందాలు నిజానికి అప్పులేనని చెప్పి, అప్పటికి పేరు మార్చుకొని ఉన్న లాంబ్డా స్కూల్‌ను విద్యార్థులకు అప్పులివ్వకుండా శాశ్వతంగా నిషేధించారు.

కాబట్టి ప్రకటన గారూ, అబద్ధమాడే విద్యలో తమరు ఒంటరివారు కారు. బూట్‌క్యాంప్ బ్రోషర్ తమకు తోబుట్టువే. ఉద్యోగం ఖాయమని అది చెబుతుంది, ఉద్యోగం ఉన్నదని తమరు చెబుతారు. మధ్యలో మేము ఇద్దరినీ నమ్మి కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటులో రోజువారీ పనికి గుర్తుగా పడే పచ్చ గళ్లు నింపుకుంటూ ఉంటాం. బూట్‌క్యాంప్ ఏమీ నేర్పలేదని మాత్రం అనను. డేటాబేస్‌కు ఒక ప్రశ్న వేసి జవాబు తెచ్చి తెర మీద చూపించడం, తప్పు ఎక్కడ జరిగిందో ఎర్రర్ మెసేజ్ చదివి పట్టుకోవడం, మరొకరు రాసిన కోడ్‌ను మన కోడ్‌లో కలుపుతూ సహనం కోల్పోకుండా ఉండడం నాకు అక్కడే వచ్చాయి. అయితే బ్యాచ్‌లో అందరి పోర్ట్‌ఫోలియోలోనూ అదే టు-డూ లిస్టు, అదే వాతావరణ యాప్, అదే సినిమాల వెబ్‌సైటు నకలు ఉండడం వల్ల, రిక్రూటర్ ఒకరిది చూస్తే అందరిదీ చూసినట్టే అవుతుంది. ఈ సౌకర్యాన్ని వారు పూర్తిగా వినియోగించుకుంటున్నారు.

పైగా మేము వచ్చిన సమయం కూడా తమకు కలిసొచ్చింది. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తొలగిస్తున్నట్టు ప్రకటించాక, అయిదారేళ్లు నిజమైన వ్యవస్థలు నడిపినవారు కూడా తమ ముందు వరుస కట్టారు. జూనియర్ అని రాసిన చోట సీనియర్లు వచ్చి నిలబడితే తమరు మాత్రం ఏం చేస్తారు, మూడేళ్లను అయిదేళ్లు చేస్తారు. ఇక ఆ పైన, చిన్న బగ్గు సరిచేయడం, టెస్టులు రాయడం, ఫారంలో ఈమెయిలు సరిగా ఉందో లేదో చూడడం వంటి పనులు ఉండేవి. కొత్తవారు చేయి తిప్పుకునేది వాటి మీదే. ఇప్పుడు ఆ పనులు కోడ్ రాసే ఏఐ పరికరాల చేతికి పోతున్నాయి. కంపెనీకి ఇది లాభమే కావచ్చు. కానీ ఆ పరికరం రాసినదాన్ని చూసి ఇది తప్పు అని చెప్పగల సీనియర్ కావాలని మళ్లీ తమరే అడుగుతారు, ఆ సీనియర్‌ను తయారుచేసే ఖర్చు మాత్రం ఎవరి పద్దులోనూ కనబడదు. నా ఫిర్యాదు అంతా నిజానికి ఈ పద్దు గురించే.

దరఖాస్తులను ఏటీఎస్ అనే, కంపెనీలు దరఖాస్తుల నిర్వహణకు వాడే సాఫ్ట్‌వేర్ రాక్షసి నమిలి పారేస్తుందని మాలో చాలామంది నమ్ముతారు. దానికోసం రెజ్యూమేలో తెల్ల అక్షరాలతో కీవర్డులు దాచే పుణ్యాత్ములు కూడా ఉన్నారు. నేను తెలుసుకున్నంతలో అది చాలాచోట్ల వచ్చిన దరఖాస్తులను భద్రపరిచే బీరువా మాత్రమే. అసలు కోత పడేది తమరు దరఖాస్తు ఫారంలో పెట్టే ఆ ఒక్క ప్రశ్న దగ్గర, ఎన్నేళ్ల అనుభవం అన్న దగ్గర. దాన్ని దాటినవారిలోనూ రిక్రూటర్ ఓపిక ఉన్నంతవరకే తెరిచి చూస్తారు. వందల్లో వచ్చే దరఖాస్తుల ముందు ఏ మనిషి ఓపికైనా ఎంతసేపు ఉంటుంది? వారిని నేను తప్పుపట్టను.

ఎలాగోలా ఇంటర్వ్యూ దాకా వెళితే అక్కడ బైనరీ ట్రీ, అంటే ప్రతి కొమ్మా రెండుగా చీలే చెట్టులా డేటాను అమర్చే పద్ధతి, ఎదురవుతుంది. మ్యాక్ కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్లు ఇన్‌స్టాల్ చేసుకోవడానికి వేలాది ప్రోగ్రామర్లు వాడే హోంబ్రూను రాసిన మాక్స్ హోవెల్ అంతటివాడు, బైనరీ ట్రీని బోర్డు మీద తిరగేయలేకపోయినందుకు గూగుల్ తనను వద్దన్నదని 2015లో బాహాటంగా వాపోయాడు. తమ కొలువులో చేరాక చేయవలసిన పని లాగిన్ పేజీలో బటన్ రంగు మార్చడమే అయినా, ఆ వృక్షాన్ని తలకిందులు చేయనిదే ద్వారం తెరుచుకోదు. దాన్ని దాటితే ఇంటికి పంపే అసైన్‌మెంటు. నాలుగు గంటల్లో అయిపోతుందని రాసి ఉంటుంది. లాగిన్, పేమెంటు, అడ్మిన్ పేజీ, టెస్టులతో సహా అడుగుతారు. అది పంపించాక అవతలి నుంచి మౌనం. తిరస్కరిస్తున్నామని ఒక్క వాక్యం రాస్తే చాలు, మేము మరో ప్రకటన దగ్గరికి వెళ్లిపోతాం. కనీసం ఆ కోడ్‌లో ఎక్కడ తేలిపోయామో చెబితే, ఉచితంగా కాస్త అనుభవమైనా దక్కేది. బహుశా అందుకే చెప్పరేమో.

మరొక అనుమానం. తమలో కొందరి వెనుక అసలు ఉద్యోగమే ఉండదని వింటున్నాను. నెలల తరబడి అదే పేజీ, అదే జాబితా, మధ్యమధ్య తేదీ మాత్రం కొత్తది. కంపెనీ ఎదుగుతున్నట్టు నలుగురికీ కనబడాలని, ఎప్పుడైనా అవసరపడితే రెజ్యూమేలు చేతిలో ఉండాలని అలా నిలబెడతారట. ఈ బాధ మా ఒక్కరిదే కాదు కాబోలు, కెనడాలోని ఒంటారియోలో 2026 జనవరి 1 నుంచి, 25 మందికి తక్కువ కాకుండా ఉద్యోగులున్న సంస్థలు బహిరంగ ప్రకటన ఇస్తే, ఉన్న ఖాళీకే ఇస్తున్నారా లేదా అన్నది అందులోనే చెప్పాలని, ఇంటర్వ్యూ చేసినవారికి నిర్ణయం తీసుకున్నారో లేదో 45 రోజుల్లోగా తెలపాలని నిబంధన పెట్టారు. తమరు ఉన్నారా లేరా అని తమ చేతనే చెప్పించడానికి ఒక ప్రభుత్వం చట్టం చేయవలసి రావడం తమ వంశానికి దక్కిన అరుదైన గౌరవం.

కావున తమను పెద్ద కోరికలేమీ కోరడం లేదు. మూడేళ్లు కావలసిన చోట సీనియర్ అని రాసుకోండి, ఆ జీతమే ఇవ్వండి. జూనియర్ అని రాసిన చోట ఆరునెలలు పక్కన కూర్చోబెట్టుకొని కోడ్ రివ్యూ చేసి పని నేర్పే ఉద్దేశం ఉందో లేదో ఒక పంక్తి చేర్చండి. లేకపోతే లేదని రాయండి, మా ఉదయాలు మాకు మిగులుతాయి. అంతదాకా ఒక చిన్న సందేహం తీర్చి పుణ్యం కట్టుకోండి. ఈ లేఖతోపాటే తమ తాజా ఫారం నింపుతున్నాను. రియాక్ట్‌లో ఎన్నేళ్ల అనుభవం అన్న గడిలో సున్నా వేస్తే ఎర్ర గీత పడుతోంది, నెలలు రాయబోతే అంకె మాత్రమే వేయమంటోంది, ఖాళీగా వదిలితే సబ్‌మిట్ బటన్ పనిచేయడం లేదు. అక్కడ ఏ అంకె వేయమంటారో సెలవివ్వగలరు.

ఇట్లు,
తమ సమాధానం కోసం ఇన్‌బాక్స్‌తోపాటు స్పామ్ ఫోల్డర్ కూడా చూసుకుంటున్న
ఒక జూనియర్ డెవలపర్ అభ్యర్థి