సవరణ: బ్రిటన్‌లో గ్రాంటు వేరు, లాటరీ నిధి వేరు

బ్రిటన్ క్రీడా నిధుల మీద ముందు పెట్టిన పోస్టులో "కళలకూ క్రీడలకూ ప్రభుత్వం లాటరీ ద్వారా డబ్బిస్తుంది" అని ఉంది. దాని బదులు ఇలా చదువుకోండి: ప్రభుత్వం ఇచ్చేది గ్రాంటు, అది పన్నుల సొమ్ము. లాటరీ నిధి అక్కడి నేషనల్ లాటరీ టికెట్లు కొన్నవాళ్ల సొమ్ము.

టికెట్ అమ్మకాల్లో 12 శాతం సుంకంగా ఖజానాకు పోతుంది. మంచి పనుల కోసం తీసిన వాటా మాత్రం విడిగా ఒక నిధిలో చేరుతుంది. అందులో కళలకు, క్రీడలకు, వారసత్వ సంపదకు తలా 20 శాతం. మిగతా 40 ఆరోగ్యం, విద్య, పర్యావరణం, సేవా కార్యక్రమాలకు.

ఏ దరఖాస్తుకు ఎంతివ్వాలో మంత్రి తేల్చరు, పంపిణీ సంస్థలే తేలుస్తాయి. ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్, యూకే స్పోర్ట్ లాంటివి రెండు రకాల డబ్బూ పంచుతాయి కాబట్టే ఈ కన్ఫ్యూజన్.

తేడా ఎందుకు ముఖ్యమో ఒలింపిక్స్ చూస్తే తెలుస్తుంది. 1996 అట్లాంటాలో బ్రిటన్‌కు దక్కింది ఒకే ఒక్క స్వర్ణం, అదీ పడవ పందెంలో స్టీవ్ రెడ్‌గ్రేవ్, మాథ్యూ పిన్సెంట్ జోడీ తెచ్చింది. మరుసటి ఏడాది నుంచి లాటరీ నిధులు అందడంతో ఎంతోమంది క్రీడాకారులు ఉద్యోగాల బాదరబందీ లేకుండా పూర్తిగా సాధన మీదే ఉండగలిగారు. 2000 సిడ్నీలో స్వర్ణాలు 11.

ఈ ఘనతంతా సర్కారు ఖాతాలో వేస్తే టికెట్ కొన్న మామూలు జనానికి అన్యాయం చేసినట్టే. పైగా లాటరీ డబ్బు ప్రభుత్వ ఖర్చుకు అదనంగా ఉండాలే తప్ప, దానికి బదులుగా కాదన్నది మొదటి నుంచీ ఉన్న సూత్రం. లాటరీని చూపించి గ్రాంటు కోస్తే నిలదీయాల్సింది ప్రభుత్వాన్నే.