పోతనకు సొంతమైనదేమిటి?

శిష్యురాలు: కథ వ్యాసుడిది. పలికించేది రామభద్రుడని పోతనే రాసుకున్నాడు. ఇక భాగవతంలో ఆయన సొంతం ఏముంది సార్?

సార్: గజేంద్రమోక్షం తియ్యమ్మా. సంస్కృతంలో మొర వినగానే విష్ణువు చక్రం పట్టి గరుడుడి మీద వస్తాడు. పోతన ఆ బయల్దేరే క్షణం దగ్గర ఆగాడు. 'సిరికిం జెప్పడు'. శంఖచక్రాలు తీసుకోడు, పరివారాన్ని పిలవడు, చెవుల మీదికి జారిన జుట్టు సర్దుకోడు. ప్రణయకలహంలో పట్టుకున్న లక్ష్మి పైటచెంగు కూడా వదలడు. పాపం, ఆవిడ వెనకే పరుగు. ఎక్కడికని అడుగుదామని గబగబా నడుస్తుంది, అడిగినా బదులు చెప్పడేమోనని ఆగుతుంది. బిడ్డ బావిలో పడ్డాడని కేక వినబడితే తండ్రి చొక్కా వెతుక్కుంటాడా? దేవుణ్ణి అంత దగ్గరివాడని నమ్మాడు కాబట్టే పోతనకు ఆ కంగారు కనబడింది. ఇది వ్యాసుడిలో లేదు.

శిష్యురాలు: ఒప్పుకుంటాను. కానీ 'అల వైకుంఠపురంబులో' దగ్గర కలం ఆగితే రాముడే వచ్చి పద్యం పూర్తిచేశాడని చెప్పుకుంటాం కదా. మంచి పద్యం దేవుడి ఖాతాలో వేస్తే, ఆ మనిషి పడ్డ కష్టం ఏమైనట్టు? భక్తి పేరుతో మనమే దాన్ని కాజేస్తున్నాం.

సార్: ఆ కథ నాకూ నచ్చదు. జనం అల్లుకున్నది.

శిష్యురాలు: మా ఒంటిమిట్టలో అందరూ...

సార్: ఒంటిమిట్ట ఎందుకొచ్చింది మధ్యలో? ఆయనది ఓరుగల్లు దగ్గర బమ్మెర.

శిష్యురాలు: పోతన తన ఊరని చెప్పుకున్న ఏకశిలానగరం అంటే ఒంటిమిట్టే సార్. అక్కడి రాముడి గుడిలో విగ్రహాలు ఒకే రాతిలో ఉన్నాయి.

సార్: ఓరుగల్లుకీ ఆ పేరుంది. ఇంటిపేరే బమ్మెర కదమ్మా!

శిష్యురాలు: ఇంటిపేరు మనిషితోపాటు ఏ ఊరైనా వెళ్తుంది. సరే, అది వదిలేద్దాం. నమ్మేవాడి కథలో టెన్షన్ ఎక్కడిది? దేవుడొస్తాడని మొదటి పద్యానికే తెలుసు.

సార్: మరి 'కలడు కలండనెడివాడు కలడో లేడో' అన్నదెవరు? ఉన్నాడు ఉన్నాడంటున్నారే, అసలు ఉన్నాడా అని, కాలు మొసలి నోట్లో ఉండగా, ప్రార్థన మధ్యలో ఏనుగు అడుగుతుంది. ఆ మాట రాసింది భక్తుడు. నమ్మకం లేనివాడికి దేవుడు రాకపోయినా పోయేదేమీ లేదు. నమ్మినవాడికి ఆ అనుమానం ప్రాణం మీదికి వస్తుంది. టెన్షన్ అంటే అదే.

శిష్యురాలు: పోయేదేమీ లేదా? మా నాన్న ఐసీయూలో ఉన్న రాత్రి నేనూ అదే అడిగాను. ఎవరూ రాలేదు. నాకు నమ్మకం లేదు సార్, అయినా పోయింది.

సార్: ... ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఎవరూ రాని రాత్రిని పోతన రాయలేదమ్మా. అది నువ్వు రాయాలి.

శిష్యురాలు: రాస్తాను. కానీ దేవుడే పలికించాడని ఎవరన్నా అంటే ఊరుకోను.

సార్: ఊరుకోవద్దు. నీ కథకు ఆ మాట అబద్ధం. పోతన విషయంలో మాత్రం దాన్ని వినయమని కొట్టెయ్యకు. రాస్తున్నప్పుడు ఆయనకు నిజంగా జరిగింది అదేనని నేను నమ్ముతాను.