మైలుతుత్తం చల్లితే చచ్చేది నాచే, విషం కాదు

1979 నవంబరులో ఆస్ట్రేలియాలోని పామ్ ఐలాండ్ దీవిలో ఓ వింత జబ్బు వచ్చింది. వాంతులు, కాలేయం వాపుతో 148 మంది ఆసుపత్రి పాలయ్యారు. వాళ్లలో 138 మంది పిల్లలే. అంతకు కొద్ది రోజుల ముందే, తాగునీరిచ్చే సాలమన్ డ్యామ్‌లో నీళ్లు కంపు కొడుతున్నాయని జనం మొత్తుకుంటే, నాచు పోవడానికి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలిపారు. నాచు పోయింది. దాని కడుపులో ఉన్న విషమంతా నీళ్లలో కలిసింది.

నీలి ఆకుపచ్చ నాచు అని పిలుస్తాం గానీ, సయనోబ్యాక్టీరియా నిజానికి బ్యాక్టీరియా. పామ్ ఐలాండ్‌లో దొరికింది వీటిలో ఒక రకం, దాని విషం వేరు. మైక్రోసిస్టిస్ అనే మరో రకం తయారుచేసే విషం మైక్రోసిస్టిన్ ఏడు అమైనో ఆమ్లాలతో అల్లిన ఉంగరం లాంటిది. మామూలు ప్రొటీన్లలా రైబోజోమ్‌లో కాకుండా, భారీ ఎంజైములు ఒక్కో ముక్కా అతికించుకుంటూ దీన్ని కడతాయి. ఆ ఉంగరం అంత గట్టిది కాబట్టే మరగబెట్టినా విరగదు. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో ఎరీ సరస్సు నీళ్లు తాగొద్దన్నప్పుడు, కాచి తాగడం కూడా వద్దన్నారు. నీరు ఆవిరైతే మిగిలిన దాంట్లో విషం ఇంకా చిక్కబడుతుంది మరి.

కణం బతికున్నంత కాలం ఈ విషం చాలావరకు లోపలే ఉంటుంది. చేప ఒంట్లోకి చేరితే నేరుగా కాలేయానికి వెళ్లి ఫాస్ఫటేజ్ ఎంజైములను కట్టేస్తుంది. దాంతో కాలేయ కణాల లోపలి చట్రం కూలి, రక్తస్రావమవుతుంది. చేపలను చంపడానికే ఈ బ్యాక్టీరియా విషం చేస్తాయనుకుంటే పొరపాటు. ఈ విషాన్ని తయారుచేసే జన్యువులు జంతువులకంటే పాతవని జన్యు పరిశోధనలు చెబుతున్నాయి. కాలిఫోర్నియా తీరంలోనైతే మంచినీటి చెరువుల విషం సముద్రంలోకి చేరి, గుల్లల ద్వారా 21 సముద్రపు నీటికుక్కలను బలితీసుకుంది. 2010లో అది వెల్లడైంది.

ఇక మన కైకలూరు, భీమవరం చేపల చెరువుల సంగతి. మిగిలిపోయిన మేత అడుగున కుళ్లి భాస్వరం, నత్రజని వదులుతుంది, ఎండాకాలం వేడి తోడవుతుంది, నీళ్లు పచ్చరంగు పెయింట్‌లా మారతాయి. దుకాణంలో చెప్పే మందు తరచూ మైలుతుత్తమే. ఒక్కసారిగా వేస్తే దెబ్బ రెండు వైపులా తగులుతుంది. విషం బయటపడుతుంది, చచ్చిన నాచు కుళ్లుతూ డీవోను, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను లాగేస్తుంది. తెల్లవారుజామున చేపలు తలలు పైకి పెట్టి నోరు తెరుస్తాయి. అప్పుడు ఏరియేటర్లు వేస్తే ఆక్సిజన్ పెరుగుతుందేమో గానీ, విషం ఎక్కడికీ పోదు.

నా దృష్టిలో నాచు కమ్ముకున్నాక చేసే వైద్యం కంటే మేత తగ్గించడమే అసలు వైద్యం. కానీ మందు డబ్బా అమ్మేవాడికి మేత తగ్గిస్తే లాభమేముంది? ఆక్వా ల్యాబులో పీహెచ్, అమ్మోనియా, విబ్రియో బ్యాక్టీరియా చూపించుకోవడం రైతుకు అలవాటే. మైక్రోసిస్టిన్ ఎంతుందో చూడమని అడిగే రైతు మాత్రం అరుదు.