తనిఖీకి నిలిచే దిద్దుబాటు

వికీపీడియా వంటి వికీలో ఎవరైనా దిద్దవచ్చన్న మాట ఎంతగా ప్రచారమైందో, దిద్దిన ప్రతి మార్పునూ మరెవరైనా వచ్చి చూడవచ్చన్న మాట అంతగా ప్రచారం కాలేదు. కొత్తగా చేరినవారు తడబడేది ఎక్కువగా ఇక్కడే. తెలిసిన విషయాన్ని సరిగ్గా రాశామా లేదా అన్నదే వారి ధ్యాస. ఆ విషయం సరైనదేనని తేల్చుకోవడానికి చూసేవారికి ఎంత శ్రమ అవుతుందన్న ఆలోచన రాదు. ఒక మార్పు పేజీలో ఏళ్ల తరబడి ఉంటుందా, గంటలో రద్దవుతుందా అన్నది చాలాసార్లు ఈ శ్రమ మీదే ఆధారపడుతుంది.

వికీ నిర్మాణంలోనే ఇందుకు కారణం ఉంది. వికీపీడియాకు ముందు 2000లో మొదలైన న్యూపీడియాలో ప్రతి వ్యాసమూ నిపుణుల చేతుల మీదుగా ఏడు దశల సమీక్ష దాటాకే వెలుగు చూసేది. ఆ పద్ధతిలో పని నత్తనడక నడిచింది. 2001 జనవరిలో వచ్చిన వికీపీడియా ఆ క్రమాన్ని తలకిందులు చేసి, ముందు ప్రచురణ, తరువాత పరిశీలన అంది. అంటే సమీక్ష రద్దు కాలేదు, రాసినవారి వెనక నడిచే స్వచ్ఛంద కార్యకర్తల మీదికి మారింది. వారు జీతానికి పనిచేసేవారు కాదు, ప్రతి విషయంలోనూ పండితులూ కాదు. దిద్దేవారు తమ పనిని వారికి సులువు చేయకపోతే వారు ఎంచుకునే దారి ఒకటే: అనుమానం వచ్చినదాన్ని తీసివేయడం.

పరిశీలించేవారు సాధారణంగా పేజీ మొత్తం చదవరు. ‘ఇటీవలి మార్పులు’ పేజీ నుంచో, తాము గమనిస్తున్న పేజీలు ఉండే వీక్షణ జాబితా నుంచో ‘తేడా’ నొక్కి, పాత పాఠాన్నీ కొత్త పాఠాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఒకే దిద్దుబాటులో పేరాల వరుస మార్చి, అక్షరదోషాలు సరిచేసి, మధ్యలో ఒక సంవత్సరాన్ని కూడా మార్చారనుకోండి. ఆ తేడా పేజీ నిండా రంగులే కనిపిస్తాయి. అసలు ముఖ్యమైన ఆ ఒక్క అంకె వాటిలో కలిసిపోతుంది. మార్చినవారికి దురుద్దేశం లేకపోయినా, దాచి మార్చినట్టే కనిపిస్తుంది. అందుకే పాఠాన్ని అటూ ఇటూ జరపడం ఒక దిద్దుబాటుగా, భాష సవరణ మరొకటిగా, సమాచారం మార్చడం వేరొకటిగా భద్రపరచడం మంచిది. దిద్దుబాట్ల సంఖ్య పెంచుకోవడానికే ఇలా చేస్తారని కొందరు వెటకరిస్తారు గానీ, ముప్పై వాక్యాలను ఒక్క దెబ్బకు మార్చి వెళ్లిపోయేవారి కంటే వీరే నయం.

దిద్దుబాటు సారాంశాన్ని, అంటే మార్పును భద్రపరిచేటప్పుడు దాని గురించి ఒక ముక్క రాసే గడిని, ఖాళీగా వదిలేయడం మరో అలవాటు. రాసినా ‘సవరించాను’, ‘సమాచారం చేర్చాను’ అని రాస్తారు. ఏం జరిగిందో తేడాలో కనబడుతూనే ఉంటుంది కనుక ఆ మాటలతో పని లేదు. అక్కడ కావలసింది కారణం. ‘జనన సంవత్సరాన్ని ఆత్మకథ మొదటి అధ్యాయం ప్రకారం మార్చాను, పాతదానికి మూలం లేదు’ అన్న ఒక్క వాక్యం చూసేవారి సందేహాన్ని అక్కడికక్కడే తీరుస్తుంది. ఒకసారి భద్రపరిచాక సారాంశాన్ని మార్చడం కుదరదు కాబట్టి, భద్రపరిచే ముందు మునుజూపు (ప్రివ్యూ) చూసుకునేటప్పుడే దాన్నీ చదువుకోవాలి. ‘చిన్న మార్పు’ అన్న గడిని అక్షరదోషాలకూ విరామ చిహ్నాలకూ మాత్రమే వాడాలి. చాలామంది చిన్న మార్పులను తమ జాబితాలో కనబడకుండా పెట్టుకుంటారు. ఒక వాస్తవాన్ని మార్చి ఆ గడిలో టిక్కు పెడితే, తరువాత గమనించినవారు దాన్ని కపటంగానే భావిస్తారు.

మూలాలు ఇవ్వమని అందరూ చెబుతారు, ఎక్కడ ఎలా ఇవ్వాలో చెప్పేవారు తక్కువ. ఐదు వాక్యాల పేరా చివర ఒక్క మూలం పెడితే, అది ఏ వాక్యానికి ఆధారమో తెలియాలంటే మూలమంతా చదవాలి. పుస్తకం పేరు ఇచ్చి పుట సంఖ్య ఇవ్వకపోతే, ఆధారం ఉన్నా సరిచూడడం దాదాపు అసాధ్యం. వీటికంటే ప్రమాదకరమైన తప్పు ఇంకొకటి ఉంది: అప్పటికే ఉన్న వాక్యానికీ దాని మూలానికీ మధ్య కొత్త వాక్యాన్ని చొప్పించడం. ఆ క్షణం నుంచి ఆ మూలం తాను చెప్పని విషయానికి సాక్ష్యం పలుకుతున్నట్టు కనిపిస్తుంది, పాత వాక్యమేమో అనాథగా మిగులుతుంది. కొన్నేళ్ల తరువాత దీన్ని పట్టుకోవాలంటే పేజీ చరిత్రలో వందల కూర్పులు తవ్వాల్సి వస్తుంది. అనుభవజ్ఞులు కూడా ఈ పొరపాటు చేస్తారు.

ఇచ్చే మూలం తిరిగి వికీ నుంచే పుట్టిందేమో కూడా చూసుకోవాలి. ఆధారం లేని ఒక వాక్యం వ్యాసంలో చేరుతుంది, దాన్ని చూసి ఒక పత్రిక రాస్తుంది, ఆ పత్రికనే ఆ వాక్యానికి మూలంగా ఇస్తారు. పేజీ చరిత్రలో ఆ వాక్యం చేరిన తేదీనీ, పత్రికలో వచ్చిన తేదీనీ పోల్చితే చాలావరకు సంగతి తెలుస్తుంది. వెబ్ లింకులు చచ్చిపోతాయి గనుక వెబ్ పేజీల పాత నకళ్లను దాచే వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరిచిన నకలు లింకును కూడా అదే సమయంలో జతచేయడం మేలు.

పరిశీలన జరగకపోతే ఏమవుతుందో 2005లో లోకానికి తెలిసింది. అమెరికన్ పాత్రికేయుడు జాన్ సీగెన్‌థాలర్‌ను కెనెడీ సోదరుల హత్యల్లో ఒకప్పుడు అనుమానించారన్న పచ్చి అబద్ధాన్ని ఆ ఏడాది మే నెలలో ఎవరో ఇంగ్లీషు వికీపీడియాలో రాశారు. నాలుగు నెలలకు పైగా అది అలాగే ఉండిపోయింది. ఆయన దాని గురించి పత్రికలో రాశాక, డిసెంబరులో ఖాతా లేనివారు కొత్త పేజీలు సృష్టించే వీలును అక్కడ తొలగించారు. జీవించి ఉన్న వ్యక్తుల గురించి మూలం లేని వివాదాస్పద వాక్యాన్ని చర్చ కోసం ఆగకుండా వెంటనే తీసివేయాలన్న కఠిన నియమం బలపడిందీ ఇటువంటి అనుభవాల వల్లనే.

ఒక భాషలోని వ్యాసాన్ని మరో భాషలోకి అనువదించేటప్పుడు ఏ వ్యాసం నుంచి తెచ్చారో సారాంశంలో లింకుతో సహా చెప్పాలి. రచయితలకు గుర్తింపు ఇవ్వడం వికీపీడియా పాఠాన్ని వాడుకోనిచ్చే లైసెన్సు విధించిన షరతు. మాతృకలోని మూలాలను తెరిచి చూడకుండా మోసుకురావడం మాత్రం ఇతరుల నమ్మకాన్ని అప్పుగా వాడుకోవడమే. కృత్రిమ మేధ రాసిన పాఠంతో ఈ సమస్య ఇంకా ముదిరింది. అది లేని పుస్తకాలనూ లేని పుటలనూ ఎంతో ధీమాగా ఉదహరించగలదు. నిమిషంలో తయారైన పేజీని సరిచూడడానికి పూట పడుతుంది. మనిషి సరిచూడని అలాంటి పేజీలను సుదీర్ఘ చర్చ లేకుండానే తొలగించే నిబంధనను 2025లో ఇంగ్లీషు వికీపీడియా తెచ్చుకోవడంలో ఆశ్చర్యం లేదు.

కొన్ని సంగతులు క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ‘ఇటీవల’, ‘ప్రస్తుతం’ వంటి మాటల బదులు నెల, సంవత్సరం రాయాలి. పేజీ పేరు మార్చడానికి ‘తరలించు’ వాడాలి. పాఠాన్ని కాపీ చేసి కొత్త పేజీలో అతికిస్తే పాత చరిత్ర పాత పేజీలోనే ఉండిపోతుంది. మూసలతో (అనేక పేజీల్లో వాడే టెంప్లేట్లతో) ప్రయోగాలు అందుకని కేటాయించిన ‘ప్రయోగశాల’ పేజీలో చేసుకోవాలి. సంస్థల లోపల నడిచే వికీలలో వెనక నుంచి చూసేవారు సాధారణంగా ఉండరు కాబట్టి, ప్రతి పేజీ పైన బాధ్యుల పేరూ చివరిసారి సరిచూసిన తేదీ రాసి ఉంచడం అవసరం.

ఇంత చేసినా మార్పు రద్దు కావచ్చు. అప్పుడు మళ్లీ అదే మార్పు చేయడం అన్నిటికంటే చెడ్డ ఎత్తు. ఇంగ్లీషు వికీపీడియాలో ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి ఇతరుల మార్పులను వెనక్కి తిప్పితే, దుశ్చర్యల తొలగింపు వంటి మినహాయింపులు పోను, నిరోధానికి (దిద్దకుండా అడ్డుకోవడానికి) గురికావచ్చు. మూడుసార్లు తిప్పడం హక్కు అని కూడా దీని అర్థం కాదు. చర్చ పేజీలో ‘నా మార్పు ఎందుకు తీసేశారు’ అని నిలదీస్తే వచ్చే ఫలితం తక్కువ. వివాదంలో ఉన్న వాక్యాన్నీ, దానికి మీ దగ్గరున్న మూలాన్నీ, మీరు ప్రతిపాదించే కొత్త వాక్యాన్నీ ఒకచోట పెడితే, అవతలివారు మీ ఉద్దేశాన్ని కాక వాక్యాన్ని చర్చించక తప్పదు.

రద్దు చేసేవారికీ ఇదే వర్తించాలి, కానీ ఆచరణలో వర్తించడం లేదనే నా అభిప్రాయం. ఏళ్ల అనుభవం ఉన్న వాడుకరులు మూడు మంచి వాక్యాలతో పాటు వచ్చిన ఒక చెడ్డ వాక్యాన్ని చూసి, మొత్తాన్నీ ఒక్క నొక్కుతో, ఏ కారణమూ రాయకుండా తిప్పేస్తుంటారు. కొత్తవారి నుంచి సారాంశం ఆశించే హక్కు తాము రాసే సారాంశంతోనే వస్తుంది. మూడు వాక్యాలను ఉంచి, నాలుగోదాన్ని మాత్రం తీసి, ఎందుకు తీశారో ఆ వాడుకరి చర్చ పేజీలో రెండు ముక్కలు రాయడానికి పట్టేది కొద్ది నిమిషాలే.