నిప్పు లేని పొగ: హామెల్న్ పిల్లలు, విలియం టెల్ బాణం

జర్మనీలో వేసర్ నది ఒడ్డున ఉన్న హామెల్న్ పట్టణంలో ఒక వీధి పేరు బుంగెలోజెన్‌స్ట్రాసె. డప్పు మోగని వీధి అని దాని అర్థం. పెళ్ళి ఊరేగింపు వచ్చినా సరే, ఆ వీధి మొదట్లో వాయిద్యాలు ఆపి, అవతలికి దాటాకే మళ్ళీ మొదలుపెట్టడం అక్కడి ఆచారం. నూట ముప్ఫై మంది పిల్లలు ఒక పిల్లంగోవి వాయించేవాడి వెంట ఈ దారినే వెళ్ళి మళ్ళీ కనిపించలేదని ఊరివాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఎలుకలను తరిమినందుకు కూలి ఎగ్గొట్టారన్న కోపంతో అతడు పిల్లలను తీసుకుపోయాడన్న కథగా ఇది తెలుగు పాఠకులకూ పరిచయమే.

ఇలాంటి గాథల వెనుక చరిత్ర ఉందా అన్న ప్రశ్న వచ్చినప్పుడు మనం సాధారణంగా ఒకే దారి పడతాం. నిప్పు లేనిదే పొగ రాదు కదా అని మొదలుపెట్టి, కథలోంచి మాయలూ మహిమలూ ఏరి పారేసి, నమ్మదగినట్టుగా మిగిలిన భాగాన్ని చరిత్ర అనుకుంటాం. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో గ్రీకు రచయిత యూహెమెరస్ దేవతలంతా ఒకప్పటి రాజులేనని రాసిన నాటి నుంచి యూరప్‌లో ఈ పద్ధతికి ఆదరణ తగ్గలేదు. ఇది మొదటి అడుగులోనే దారి తప్పుతుందని నా అభిప్రాయం. ఒక సంఘటన జరగడానికి వీలుందా అన్నది వేరు, అది జరిగిందనడానికి ఆధారం ఉందా అన్నది వేరు. ఈ పద్ధతి మొదటి ప్రశ్నకు దొరికిన జవాబునే రెండోదానికీ సరిపెట్టేస్తుంది. మాయ నిండిన హామెల్న్ కథనూ, మాయ అన్నదే లేని విలియం టెల్ కథనూ పక్కపక్కన పెడితే ఈ తేడా తెలుస్తుంది.

హామెల్న్ విషయంలో ముందుగా గమనించవలసింది, కథ వయసు పెరిగేకొద్దీ అందులో ఏయే అంశాలు వచ్చి చేరాయన్నది. 1300 ప్రాంతంలో అక్కడి మార్కెట్ చర్చికి అమర్చిన రంగుటద్దాల కిటికీలో ఈ ఉదంతాన్ని చిత్రించారు. 1660లో ఆ కిటికీ పోయింది. చూసినవాళ్ళ వర్ణనలే మిగిలాయి. పదిహేనో శతాబ్దం మధ్యకాలానికి చెందిన లూనెబుర్గ్ రాతప్రతిలో లాటిన్‌లో ఒక చిన్న నమోదు ఉంది. 1284లో సెయింట్ జాన్, సెయింట్ పాల్‌ల పండుగ రోజున, అంటే జూన్ 26న, ముప్ఫై ఏళ్ళ అందమైన యువకుడొకడు మంచి దుస్తులు ధరించి వంతెన దాటి ఊళ్ళోకి వచ్చాడనీ, వెండి పిల్లంగోవి వాయిస్తూ తిరిగాడనీ, అది విన్న పిల్లలు, సుమారు 130 మంది, అతని వెంట తూర్పు ద్వారం గుండా వెళ్ళి మాయమయ్యారనీ దాని సారాంశం. ఆ తరువాత 1556లో కట్టిన ఒక కోట ద్వారం మీది శాసనం, మాంత్రికుడు 130 మంది పిల్లలను తీసుకుపోయిన 272 ఏళ్ళకు దాన్ని కట్టామని చెబుతుంది. లెక్క సరిగ్గా 1284కే చేరుతుంది.

వీటిలో ఎక్కడా ఎలుకల ప్రస్తావన లేదు. అవి కథలోకి వచ్చింది పదహారో శతాబ్దంలో. 1560 ప్రాంతపు జిమ్మెర్న్ వంశచరిత్రలో అవి కనిపిస్తాయి. 1602-03లో కట్టిన, ఇప్పుడు 'ఎలుకలు పట్టేవాడి ఇల్లు' అని పిలుస్తున్న భవనం మీది రాతలోనైనా రంగురంగుల బట్టలవాడూ, 130 మంది పిల్లలూ తప్ప ఎలుకలు లేవు. గ్రిమ్ సోదరులు 1816లో అచ్చు వేసేనాటికి మాత్రం ఎలుకలు లేకుండా కథ నడవని స్థితి వచ్చింది. 1842లో కవి రాబర్ట్ బ్రౌనింగ్ సంవత్సరాన్ని కూడా మార్చి 1376 చేశాడు. ఇంగ్లీష్ ద్వారా కథ విన్న లోకానికి ఆ తేదీయే అందింది.

ఈ వరుస తెలియకపోతే ఎంత తేలిగ్గా పొరబడతామో చూడండి. పిల్లంగోవివాడు మృత్యువుకు ప్రతీక, ఎలుకలు ప్లేగుకు గుర్తు, పిల్లలు మహమ్మారికి బలైనవారు అన్న వివరణ చాలా చోట్ల వినబడుతుంది. వినడానికి ఎంతో హేతుబద్ధంగా ఉంటుంది. అయితే నల్లమృత్యువు అనే ఆ ప్లేగు యూరప్‌కు వచ్చింది 1347లో, అంటే హామెల్న్ తేదీకి అరవై ఏళ్ళకు పైగా తరువాత. పైగా ఆ వివరణకు ఆధారమైన ఎలుకలే అసలు కథలో లేవు. జెరూసలేం కోసం పిల్లలు బయలుదేరారని చెప్పే 1212 నాటి బాలల క్రూసేడుతో ముడిపెట్టే వాదానికి డెబ్భై రెండేళ్ళ ఎడం అడ్డు. మిండెన్ బిషప్ సైన్యంతో జరిగిన సెడెమ్యుండె పోరులో హామెల్న్ యువకులు చాలామంది చనిపోయిన మాట నిజమే కానీ, అదీ దాదాపు పాతికేళ్ళ ముందటి సంగతి.

ఇప్పుడు ఎక్కువమంది పండితులు మొగ్గు చూపుతున్నది వలస సిద్ధాంతానికి. 1227లో బోర్న్‌హోవెడ్ యుద్ధంలో డెన్మార్క్ వాళ్ళు ఓడిపోయాక బాల్టిక్ తీరం వైపు భూములు జర్మన్ ప్రభువుల చేతికి వచ్చాయి. అడవులు కొట్టి ఊళ్ళు కట్టడానికి మనుషులు కావలసి వచ్చింది. ఆ ప్రభువుల తరఫున మేస్త్రీల వంటి మధ్యవర్తులు పశ్చిమ పట్టణాలకు వచ్చి, భూమి ఇస్తామనీ, కొన్నేళ్ళు పన్నులు ఉండవనీ చెప్పి జనాన్ని కూడగట్టుకుని తీసుకుపోయేవారు. అటువంటివాడు మంచి బట్టలు వేసుకుని, వాద్యం మోగించి జనాన్ని పోగుచేసి ఉంటాడని ఊహించడానికి పెద్దగా కష్టపడనక్కరలేదు. 'పిల్లలు' అన్న మాట ఇందుకు అడ్డు రాదు. మన దగ్గర యాభై ఏళ్ళ నాయకుడిని కూడా 'పాలమూరు బిడ్డ' అంటాం. అలాగే హామెల్న్ బిడ్డలంటే ఆ ఊళ్ళో పుట్టినవారని తీసుకోవచ్చు. స్థలనామాల పరిశోధకుడు యుర్గెన్ ఉడోల్ఫ్ హామెల్న్ పరిసరాల ఊరి పేర్లూ, ఇంటిపేర్లూ బెర్లిన్‌కు ఉత్తరాన ఉన్న ప్రిగ్నిట్జ్, ఉకర్‌మార్క్ ప్రాంతాల్లో మళ్ళీ కనిపిస్తున్నాయని చూపించాడు. అంతకుముందు మొరావియా వైపు వెతికినవారూ ఉన్నారు.

నాకు ఈ సిద్ధాంతం నచ్చుతుంది. నచ్చడం వల్లే కొంత జాగ్రత్త అవసరమని కూడా అనిపిస్తుంది. పేర్ల పోలిక ఆ ప్రాంతం నుంచి వలస జరిగిందని చెప్పగలదు గానీ, 1284 జూన్ 26న వెళ్ళినవారు వీరేనని చెప్పలేదు. పైగా బతుకుతెరువు కోసం వెళ్ళినవారి గురించి ఒక ఊరు ఇన్ని శతాబ్దాలు శోకం పాటిస్తుందా అన్న సందేహం తీరదు. వెళ్ళినవారు దారిలోనే గల్లంతై, కబురే అందకపోయి ఉంటే తప్ప.

ఇక స్విట్జర్లాండ్‌కు వద్దాం. ఆస్ట్రియా హాబ్స్‌బుర్గ్ ప్రభువుల పెత్తనాన్ని ఎదిరించిన వీరుడిగా ఆ దేశం చెప్పుకునే విలుకాడు విలియం టెల్. ఆల్ట్‌డోర్ఫ్ సంత వీధిలో గుంజకు తగిలించిన, ఆ ప్రభువుల అధికారి గెస్లర్ టోపీకి విలియం టెల్ దండం పెట్టలేదు. శిక్షగా కొడుకు తల మీద ఆపిల్ పెట్టి కొట్టమన్నారు. కొట్టాడు. రెండో బాణం ఎందుకు దాచుకున్నావని అడిగితే, మొదటిది గురి తప్పి పిల్లవాడికి తగిలితే అది నీకోసమే అన్నాడు. ఇందులో దయ్యం లేదు, మంత్రం లేదు. తేదీ కూడా ఉంది: పదహారో శతాబ్దపు చరిత్రకారుడు ఎగిడియస్ చూడి దీన్ని 1307 నవంబరులో పెట్టాడు. ఏరి పారేయడానికి మాయలే లేవు గనుక యూహెమెరస్ శిష్యుడు దీన్ని ఉన్నదున్నట్టుగా చరిత్రలో చేర్చేసుకుంటాడు.

కానీ టెల్ పేరు మొదట కనబడేది 1470 ప్రాంతపు సార్నెన్ శ్వేతగ్రంథం అనే స్విస్ రాతప్రతిలో, అంటే చెప్పిన కాలానికి నూట అరవై ఏళ్ళ తరువాత. మూడు స్విస్ ప్రాంతాలు పరస్పర సాయానికి ప్రమాణం చేసుకున్న 1291 నాటి ఒడంబడిక పత్రం ఇప్పటికీ భద్రంగా ఉంది; అందులో టెల్ ఊసు లేదు. దీనికంటే బలమైన అభ్యంతరం డెన్మార్క్ నుంచి వచ్చింది. 1200 ప్రాంతంలోనే సాక్సో గ్రమాటికస్ అనే చరిత్రకారుడు హరాల్డ్ రాజు కొలువులోని టోకో అనే విలుకాడి గురించి రాశాడు: కొడుకు తల మీద ఆపిల్, అదనంగా తీసుకున్న బాణాలు, అవి రాజు కోసమేనన్న జవాబు. ఊళ్ళూ పేర్లూ తప్ప మిగతాది టెల్ కథే. 1760లో ఈ పోలికను చూపించి టెల్ గాథ డేనిష్ కట్టుకథ అని ఒక కరపత్రం వెలువడితే, ఆల్ట్‌డోర్ఫ్‌లో దాన్ని బహిరంగంగా తగలబెట్టారు. పందొమ్మిదో శతాబ్దంలో యోసెఫ్ ఓయ్టిఖ్ కోప్ అనే పండితుడు పాత దస్తావేజులు తిరగేసి, గెస్లర్ అనేవాడెవడూ అక్కడ అధికారిగా లేడని తేల్చాడు. 1895లో ఆల్ట్‌డోర్ఫ్‌లో నిలబెట్టిన టెల్ విగ్రహం మీద ఆ తీర్పు ప్రభావం ఏమీ పడలేదన్నది వేరే సంగతి.

దేశానికి టెల్ అవసరమైనప్పుడు టెల్ పుట్టాడు. హామెల్న్ పరిస్థితి ఇందుకు విరుద్ధం. తన పిల్లలను పోగొట్టుకున్నానని చెప్పుకోవడం వల్ల ఏ పట్టణానికీ గౌరవం దక్కదు, హక్కూ రాదు. అయినా ఆ ఊరు కిటికీ మీదా, ద్వారం మీదా, ఇంటి గోడ మీదా అదే తేదీనీ, అదే సంఖ్యనూ రాసుకుంటూ వచ్చింది. ఎలుకలు ప్రసిద్ధమయ్యాక పర్యాటకుల వల్ల లాభం కలిగిందేమో గానీ, అది చాలా తరువాతి ముచ్చట.

గ్రీకు కవి హోమర్ పాడిన యుద్ధం జరిగిందని చెప్పే ట్రాయ్ నగరం గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే పురాణం నిజమని నిరూపించడానికి అందరూ చూపించేది దాన్నే. హైన్‌రిఖ్ ష్లీమన్ ఇప్పటి టర్కీలోని హిసార్లిక్ దిబ్బలో నగరాన్ని కనుగొన్న మాట నిజం. ఆ చోటిని ఫ్రాంక్ కాల్వర్ట్ అంతకుముందే గుర్తించి తవ్వడం మొదలుపెట్టిన మాటా నిజం. అయితే 1873లో ట్రాయ్ రాజు ప్రియామ్ నిధి అని ష్లీమన్ లోకానికి చాటిన బంగారం, ఆ యుద్ధం జరిగిందని చెప్పే కాలానికి వెయ్యేళ్ళకు పైగా పాతది. నగరం దొరికితే కథంతా దొరికిందనుకున్న తొందర అది. క్రీస్తుపూర్వం పదమూడో శతాబ్దపు హిట్టైట్ సామ్రాజ్యపు మట్టి పలకల్లో, ట్రాయ్‌కు గ్రీకులు వాడిన ఇలియోస్ అన్న పేరుకు దగ్గరగా ఉన్న విలుసా అనే రాజ్యం పేరూ, హోమర్‌లోని ట్రాయ్ రాకుమారుడు అలెగ్జాండ్రోస్‌ను గుర్తుచేసే అలక్సాండు అనే దాని పాలకుడి పేరూ దొరకడం ఇంతకంటే విలువైన సంగతి. అవి హోమర్‌ను నిరూపించాలని రాసినవి కావు.

నేను హామెల్న్ కథను నమ్మడానికి ఎక్కువ మొగ్గడానికి కారణం కూడా అలాంటిదే. లూనెబుర్గ్ నమోదులో అందరూ త్వరగా దాటిపోయే ఒక వాక్యం ఉంది. చర్చి అధికారి యోహాన్ డి లూడె తల్లి పిల్లలు వెళ్ళిపోవడం చూసిందని అందులో రాసి ఉంది. ఆ వాక్యంలో పిల్లంగోవి లేదు, మాయ లేదు, వెళ్ళిపోతున్న పిల్లలూ వాళ్ళను చూస్తున్న ఒక స్త్రీ మాత్రమే ఉన్నారు.