డీఎస్సీలో పావ్‌లోవ్ కుక్క ఉంది, లాస్ట్ బెంచి పిల్లాడు లేడు

టీచర్లను ఎలా ఎంచుకోవాలి, ఎంచుకున్నాక వాళ్లలో ఉత్సాహం ఎలా నిలబెట్టాలి అనే విషయం మీదే ఏళ్ల తరబడి పనిచేసిన ఎడ్యుకేషనల్ సైకాలజిస్ట్ ఒకాయన ఉన్నారు, రాబర్ట్ క్లాసెన్. కెనడాలో ముందు బడిలో పాఠాలు చెప్పి, స్కూల్ సైకాలజిస్టుగా చేసి, ఆ తర్వాతే అల్బెర్టా యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు, అక్కడినుంచి ఇంగ్లండ్‌లో యార్క్‌కి, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌కి వెళ్లారు. డీఎస్సీ పేపర్ తయారుచేసేవాళ్లు ఈయన పరిశోధన ఒక్కసారైనా చదవాలి.

2019లో ఆయన, లీసా కిమ్ కలిసి 32 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. ఎంపికప్పుడు మనం కొలిచేవాటికీ తర్వాత ఆ టీచర్ పనితీరుకీ ఉన్న సంబంధం 0.12 అని తేలింది. పూర్తి సంబంధం ఉంటే 1 రావాలి! మార్కులూ చదువూ కాస్త నయం, వ్యక్తిత్వం లాంటివి ఇంకాస్త తక్కువ, రెండూ అంతంతమాత్రమే.

మన దగ్గర చూడండి. 160 బిట్లు, 80 మార్కులు, మిగతా 20 టెట్ వెయిటేజీ. సైకాలజీ పాఠాల్లోని పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, కోల్‌బర్గ్ దశలు అన్నీ నోటికి వచ్చేస్తాయి, కానీ మధ్యాహ్న భోజనం అయ్యాక ఏడో తరగతిలో లాస్ట్ బెంచి పిల్లాడు పుస్తకం తెరవకుండా తల వాల్చేస్తే ఏం చేయాలో ఆ 160లో ఎక్కడా ఉండదు. అలాగని ఇంటర్వ్యూలు పెట్టమని నేను చచ్చినా అనను. రికమెండేషన్ లేని కూలివాళ్ల పిల్లలకి కూడా ఉద్యోగం వస్తోందంటే అది ఈ రాత పరీక్ష పుణ్యమే.

క్లాసెన్ బృందం తయారుచేసిన పరీక్షలు మనకి పనికొచ్చేది ఇక్కడే. క్లాసులో జరిగే ఒక సంఘటన ఇస్తారు, ఆ పిల్లాణ్ని అందరి ముందూ లేపి నిలబెట్టాలా, దగ్గరికెళ్లి మెల్లగా అడగాలా, పాఠం ఆపకుండా వాడికో చిన్న పని అప్పజెప్పాలా, ఏది ఎంత సరైనదో చెప్పమంటారు. అనుభవమున్న టీచర్లు చెప్పినదాన్ని బట్టి కీ తయారవుతుంది. రాత పరీక్షే, కంప్యూటరే దిద్దుతుంది, ఎవరి చేతా ఫోన్ చేయించుకునే పని లేదు. ఇవీ మంత్రాలేం కావు, 160లో ఒక 20 బిట్లు ఇలాంటివి పెట్టమనే నేను అడిగేది.

ఇంకోటి, ఇది నాకు మరీ బాధ కలిగించే విషయం. 2010లో క్లాసెన్, మింగ్ మింగ్ చియు 1,430 మంది టీచర్ల మీద చేసిన అధ్యయనంలో, నేను పాఠం బాగా చెప్పగలను అనే నమ్మకం సర్వీసు మధ్య వరకూ పెరిగి ఆ తర్వాత తగ్గుతున్నట్టు తేలింది. మనం మాత్రం ఉద్యోగంలో చేరిన రోజు ర్యాంకు చూసి దండ వేసి, ఆ తర్వాత ఆ మనిషిని పూర్తిగా వదిలేస్తాం. ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్న మేడమ్‌కి యాప్‌లో ఫొటోలు అప్‌లోడ్ చేసే టెన్షన్ తప్ప, అమ్మా క్లాసు ఎలా నడుస్తోంది అని అడిగినవాళ్లు ఎవరున్నారు?

కోచింగ్ సెంటర్లు వీటికీ బిట్ బ్యాంకులు వేసేస్తాయి అంటారా? వేయనివ్వండి. అవనిగడ్డలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో హాస్టల్ గదుల్లో కూర్చుని అభ్యర్థులు, క్లాసులో ఏడుస్తున్న పిల్లాడితో ఎలా మాట్లాడాలి అని నెలల తరబడి వాదించుకుంటే నాకు సంతోషమే.